లాప్‌టాప్‌కి పెట్టిన పేరు

మోహనకృష్ణ సాలూరులో బస్సు దిగాడు, యమున ఎదురెళ్ళి అతని చేతిసంచీ అందుకుని నవ్వింది, ఆ నవ్వు చూసిన బంగారురాజుకి మధ్యాహ్నం అన్నం సయించలేదు. పోయినవారం మనం ఆగింది అక్కడ. అన్నం సయించని మనిషికి రాత్రి నిద్ర మాత్రం ఏం పడుతుంది? తెల్లారేసరికి కళ్ళు మంటలు, మొహం మాడ్చుకుని షాపు తలుపు తీశాడు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బంగారురాజుది రేడియం స్టిక్కర్ల షాపు. లారీ బాడీలు కట్టే షెడ్లకి ఎదురుగా, ముందు గది షాపు, వెనక వంటిల్లూ పడకగదీ. చీకట్లో లారీ వెనక మెరిసే పేర్లూ బొమ్మలూ అన్నీ అక్కడ తయారయ్యేవే. బొమ్మ గీసేది అతని భార్య యమున. మెషిన్ మీద కోసి, బ్లేడుతో అనవసరమైనది ఒలిచి, లారీకి అతికించేది బంగారురాజు. డ్రైవర్లకి పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కించి ఇవ్వడం పక్క వ్యాపారం, దానికో పాత కంప్యూటర్ ఉంది. యమున గీసిన శంబర పోలమాంబ బొమ్మ కోసం రాయగడ వైపు లారీలు కూడా వచ్చి ఆ షాపు ముందు ఆగుతాయి. అమ్మవారి కళ్ళు ఆ పిల్ల గీసినట్టు ఇంకెవరూ గీయలేరని డ్రైవర్ల నమ్మకం.

ఆ బొమ్మలన్నీ, మొదట్లో పాత కంప్యూటర్‌లో గీసినవి కూడా, ఉండేది ఒక చిన్న ఎర్ర లాప్‌టాప్‌లో. కిందటి దసరాకి విజయనగరం వెళ్ళి బంగారురాజే కొన్నాడు. రంగు బాగుంది, బరువు లేదు, ధర తక్కువ. లోపల మెమరీ ముప్పై రెండు జీబీయేనని షాపువాడు చెప్పాడు, బంగారురాజు తల ఊపాడు. ఆరు నెలలు తిరక్కుండానే విండోస్ ఆ చోటంతా తినేసింది. బొమ్మ గీసి సేవ్ చేద్దామంటే చోటు లేదంటుంది. అప్‌డేట్ అంటుంది, దానికీ చోటు లేదంటుంది. యమున పెళ్ళి ఫొటోలు తీసేసింది, పాటలు తీసేసింది, ఇంక తీసేయడానికి తన బొమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు ఫోన్ చేసింది బావకి.

ఇంక బావ సంగతి. మోహనకృష్ణ యమునకి సొంత మేనత్త కొడుకు. ఆ ఇద్దరికీ పెళ్ళి అనుకున్నదే. పొలం గట్టు దగ్గర రెండిళ్ళ పెద్దలకీ మాట పట్టింపు వచ్చి సంబంధం చెదిరింది. ఆ తర్వాత బంగారురాజు జాతకం కుదిరింది. ఇదంతా అతనికి పెళ్ళినాడే తెలుసు. నాలుగేళ్ళపాటు ఏ బాధా లేదు, ఎందుకంటే మోహనకృష్ణ హైదరాబాదులో ఉండేవాడు. ఈ మధ్యనే ఎచ్చెర్ల వచ్చి యూనివర్సిటీ రోడ్డులో కంప్యూటర్ సెంటరు పెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అతన్ని ఎవరూ అడగలేదు గానీ బంగారురాజు తనలో తను రోజూ అడుగుతున్నాడు.

పైగా వరస ఒకటి. భార్య మేనబావ మొగుడికి అన్నదమ్ముడి వరస అవుతాడు కదా. మోహనకృష్ణ పెద్దవాడు కాబట్టి బంగారురాజు అతన్ని అన్నయ్యా అని పిలవాలి. ఆ పిలుపు గొంతులోంచి బయటికి రావడానికి ఎంత కష్టపడేదో బంగారురాజుకే తెలుసు. అతను మాత్రం హాయిగా తమ్ముడూ అంటాడు, వీపు మీద తట్టి మరీ అంటాడు.

ఆ పొద్దున మోహనకృష్ణ స్నానం చేసి, ఇడ్లీలు తిని, షాపులోకి వచ్చి చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. అది బంగారురాజు కుర్చీ. అందులో తను తప్ప ఇంకొకరు కూర్చోకూడదని రూలేమీ లేదు, ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదంతే. యమున స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. బంగారురాజు గోడ పక్కన నిలబడి ఒక లారీ నంబరు రేడియం ఒలుస్తున్నాడు.

మోహనకృష్ణ ఎర్ర లాప్‌టాప్ తెరిచి కాసేపు చూసి నవ్వాడు.

“ఇంత సిన్న మెమరీది ఎవరు కొన్నారే?”

“మావే కొన్నాడు బావా. ఎర్ర రంగంటే నాకిష్టమని.”

యమున ఆ మాట గొప్పగానే చెప్పింది. మొగుడు తన ఇష్టం గుర్తుపెట్టుకున్నాడని బావకి తెలియాలనే చెప్పింది. బంగారురాజు చెవికి అది అలా చేరలేదు. రంగు చూసి కొన్నాడు, బుర్ర లేదు అన్నట్టు చేరింది. అసూయ పట్టినవాడి చెవి తీరే అంత. చేతిలో బ్లేడు జారి ఒలవాల్సిన చుట్టుపక్కల రేడియం వదిలేసి ఎనిమిదంకెనే ఒలిచేశాడు.

“సూడు యమునా,” అన్నాడు మోహనకృష్ణ. “విండోస్ ఒక్కటే ఇల్లంతా పరుసుకుని కూసున్నాది. నువ్వు బొమ్మలు తీసేస్తే ఆ సోటు కూడా అదే తినేస్తాది. దీన్ని తీసేసి లైనక్స్ ఏద్దాం. తేలికపాటిది ఒకటున్నాది. మా సెంటర్లో మూలపడేసిన కంప్యూటర్లన్నీ దాంతోనే నడుపుతన్నాను. ఇది పట్టే సోటులో పావొంతు కూడా అక్కర్లేదు దానికి.”

“మరి నాను బొమ్మలు గీసుకునేదేటి?”

“గీసుకునే సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఉన్నాది. ఫ్రీగానే. రెండ్రోజులు సెయ్యి తిరగదు, తర్వాత నువ్వే ఒదలవు.”

“మెషిన్‌కి పంపాలి కదన్నయ్యా,” అన్నాడు బంగారురాజు గోడ దగ్గర నుంచి. “ఆ మెషిన్ విండోస్ లేకపోతే నడవదు.”

నడవకపోతే బాగుండునని ఆ క్షణంలో అతనికి నిజంగా అనిపించింది. తన మెషిన్, తన అన్నం పెట్టే మెషిన్, మొండికేసి ఆ మనిషి తల దించితే చాలనిపించింది.

“అదీ సూసినాను తమ్ముడూ. మీ మెషిన్‌లాంటిది మా దగ్గర ఫ్లెక్సీ కుర్రోళ్ళకి ఉంటే లైనక్స్‌తో నడిపి సూసినాను. కొంచెం కుస్తీ పట్టాలి గానీ నడుస్తాది.”

ముందే చూసి వచ్చాడన్నమాట. యమున ఒక్క ఫోన్ చేస్తే ఇన్నాళ్ళు దీని మీదే కూర్చున్నాడన్నమాట. బంగారురాజుకి ఒళ్ళు మండింది.

లోపల నుంచి మహాలక్ష్మమ్మ వచ్చింది. ఆవిడ బంగారురాజు తల్లి. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో వేడి గారెలు. నేరుగా వెళ్ళి మోహనకృష్ణ ముందు పెట్టింది.

“తిను నాయినా. పొద్దున్నించి దాంతోనే కూసున్నావు. మావోడికి రేడియం కొయ్యడం తప్ప ఇంకేటీ రాదు. ఆ పిల్ల రోజూ ఆ డబ్బా ముందు కూసుని ఏడిసినంత పని సేస్తన్నాది.”

“అమ్మా, నాకు,” అన్నాడు బంగారురాజు.

“నీకు లోపలున్నాయి. ఎల్లి తెచ్చుకో.”

అతను వెళ్ళలేదు. ఏదో ఒక వంక పెట్టుకుని బయటికి వెళ్ళాలనిపించింది. కూల్‌డ్రింక్ తెస్తానని చెప్పి చెప్పులు వేసుకున్నాడు. రోడ్డు దాటి, షెడ్డు దగ్గర వెల్డింగ్ చూస్తూ నిలబడి, జగన్నాధం గారి కొత్త లారీ క్యాబిన్‌కి రంగు వేస్తుంటే అదీ చూసి, ఇంక చూడ్డానికి ఏమీ లేక సీసా కొనుక్కుని తిరిగొచ్చాడు. ఆ లారీ పూజ వచ్చే శుక్రవారం. దాని వెనక పోలమాంబ బొమ్మ వెయ్యాలని జగన్నాధం నెల కిందటే చెప్పి ఉంచాడు.

తను లేని ఆ కాసేపట్లో షాపులో ఏం జరిగిందో బంగారురాజుకి తెలీదు, ఎవరూ చెప్పలేదు. మనం చెప్పుకోవాలి. మోహనకృష్ణ యమున గీసిన బొమ్మలన్నీ లాప్‌టాప్‌లోంచి తీసి తన పెన్‌డ్రైవ్‌లో పెట్టాడు. లైనక్స్ ఎక్కించడానికి తెచ్చిన పెన్‌డ్రైవ్ అదే. అందులో సగం ఖాళీ ఉంది, ఆ సగంలో బొమ్మలు. ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెడదామని అటూ ఇటూ చూశాడు. షాపులో గుప్పెడున్నాయి గానీ అన్నీ డ్రైవర్లవి, అన్నిట్లోనూ పాటలే. పాత కంప్యూటర్ కూడా పాటలతో నిండిపోయి ఉంది. ఒకరి పాటలు చెరిపితే సాయంత్రం గొడవకొస్తారని యమున వద్దంది. గంటలో అయిపోయే పనే కదా అని మోహనకృష్ణ కూడా ఊరుకున్నాడు.

బంగారురాజు సీసా పట్టుకుని గుమ్మం ఎక్కేసరికి రెండు తలలూ స్క్రీన్ దగ్గర ఆనుకునేంత దగ్గరగా ఉన్నాయి. స్క్రీన్ మీద విండోస్ లేదు. లేత నీలం రంగు, కింద సన్నటి పట్టీ, అంతే.

“మావా, ఇలా రా. ఇది ఇంకా ఎక్కించనే లేదు, పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తన్నాది. సూడు, ఎంత ఏగిరంగా తెరుసుకుంటన్నాదో.”

యమున కళ్ళు మెరుస్తున్నాయి. లాప్‌టాప్ కొనిచ్చిన రోజున కూడా అవి ఇంతగా మెరిశాయా అని బంగారురాజు గుర్తు చేసుకోబోయాడు. మెరిసే ఉంటాయి. కానీ అతనికి గుర్తు రాలేదు.

“ఇంక ఎక్కించేద్దామా?” మోహనకృష్ణ అడిగాడు. “మొత్తం సెరిపేసి ఎక్కించమంటే లోపల ఏటీ మిగలదు. ఆలోసించుకుని సెప్పు.”

“సెరిపేయ్ బావా.”

ఎంత తేలిగ్గా చెప్పింది. తను కొనిచ్చిన వస్తువు, తనని ఒక్క మాట అడగొచ్చు కదా. మావా, నీకేటి అనిపిస్తాదని అడిగితే తను కూడా సరే చెరిపేయ్ అనేవాడే. అడగలేదు.

మోహనకృష్ణ ఏవో నొక్కుకుంటూ పోయాడు. ఊరు, భాష, టైము. తర్వాత ఒక చోట ఆగాడు.

“ఈ కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టాలంట. ఏటి పెడదాం?”

“నీ ఇష్టం బావా.”

అతను నవ్వుకుంటూ టకటకా కొట్టాడు. యమున వంగి చూసి, చేతిలో పెన్నుతో అతని భుజం మీద ఒకటి పొడిచింది.

“ఒద్దు బావా, తీసేయ్. ఎవరైనా సూస్తే సిగ్గు.”

“ఉండనీవే. బాగున్నాది.”

బంగారురాజు వెళ్ళి చూశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ముంజు అని ఉంది.

“ముంజేటి?” అన్నాడు.

“ఏటీ లేదు మావా. సిన్నప్పుడు నన్నలా పిలిసేవోళ్ళు. ఒదిలేయ్.”

“ఎవరు పిలిసేవోళ్ళు?”

“ఎవరో ఏటి తమ్ముడూ, నానే,” అన్నాడు మోహనకృష్ణ. “మా ఊరొస్తే తాటిముంజలకి ఒకటే పేచీ. బొటనేలు పెట్టి పొడుసుకుని గౌనంతా నీళ్ళు కార్సుకునేది. ముంజు ముంజు అని ఊరంతా అదే పేరైపోనాది.”

నాలుగేళ్ళ కాపురం. యమునకి జ్వరం వస్తే ఏ మాత్ర పడుతుందో తెలుసు, ఏ కూర ముట్టదో తెలుసు, నిద్రలో ఏ పక్కకి తిరుగుతుందో తెలుసు. ఆమెకి ముంజు అనే పేరుందని బంగారురాజుకి తెలీదు. గౌను వేసుకుని తాటిముంజలు తినే యమున ఆ కుర్చీలో కూర్చున్నవాడికే సొంతం, తనకి ఎప్పటికీ కాదు. ఆ పేరు ఇంక రోజూ తన షాపులో, తన బల్ల మీద, తను కొన్న డబ్బాలో ఉంటుంది. ఆన్ చేసినప్పుడల్లా కనబడుతుంది.

“బాగున్నాది,” అన్నాడు. అలా అన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

మోహనకృష్ణ ఆఖరి బటన్ నొక్కాడు. స్క్రీన్ కింద ఒక గీత మెల్లగా నిండడం మొదలైంది.

“ఇంక దీన్ని ముట్టుకోకూడదు. దాని పని అది సేసుకుంటాది,” అని లేచాడు. అతని ఫోన్ మోగింది. సెంటర్ నుంచి ఎవరో. సిగ్నల్ కోసం రోడ్డు మీదకి వెళ్ళాడు. లోపల నుంచి మహాలక్ష్మమ్మ, “అమ్మా యమునా, ఈ సేప ముక్కలకి ఉప్పు సూడు,” అని పిలిచింది. యమున లేచి వెళ్ళింది.

షాపులో బంగారురాజు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా లాప్‌టాప్, దాని పక్కన గుచ్చిన పెన్‌డ్రైవ్, దాని చివర చిన్న దీపం ఆగకుండా కొట్టుకుంటోంది. గీత మూడో వంతు నిండింది. పైన ఇంగ్లీషులో ఏదో స్వాగతం.

బంగారురాజు చెడ్డవాడు కాదు. ఎవరి సొమ్మూ తిన్నవాడు కాదు. ఆ క్షణంలో అతనికి కావాల్సింది ఒక్కటే. ఆ మనిషి ఒక్కసారి ఓడిపోవాలి. యమున కళ్ళ ముందు, ఆ గీత ఆగిపోవాలి, అతను తల గోక్కోవాలి, అయ్యో అవలేదే అనాలి. అప్పుడు యమున, పోన్లే బావా, మావ ఇంకో లాప్‌టాప్ కొంటాడులే అనాలి. అంతే. అంతకు మించి అతను ఏమీ కోరలేదు.

రోజూ ఎన్నో పెన్‌డ్రైవులు పీకే చెయ్యి అది. డ్రైవర్ తొందరపెడితే పాట సగంలో ఉండగానే పీకి ఇచ్చేస్తాడు. ఆ అలవాటులోనే పీకేశానని తర్వాత తనకి తను చెప్పుకున్నాడు. అది నిజం కాదు. గుమ్మం వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, అప్పుడు పీకాడు. మోహనకృష్ణ వీపు ఇటు తిరిగి ఉంది. వంటింటి వైపు మాత్రం చూడలేదు.

దీపం ఆరిపోయింది. గీత ఆగిపోయింది. గబుక్కున మళ్ళీ గుచ్చేశాడు. దీపం ఒకసారి వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. స్క్రీన్ నల్లబడి తెల్లటి అక్షరాలు వరసలు వరసలుగా పరిగెత్తాయి. బంగారురాజు గోడ దగ్గరికి వెళ్ళి బ్లేడు పట్టుకుని నిలబడ్డాడు.

ముందు మోహనకృష్ణే వచ్చాడు. స్క్రీన్ చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏదో నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వెలిగించాడు. నల్లటి స్క్రీన్ మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం. నడపడానికి లోపల ఏమీ లేదని దానర్థం. అంతలో యమున చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“ఏటైనాది బావా?”

“ఆగిపోనాది.”

అతను తల గోక్కున్నాడు. అచ్చం బంగారురాజు కోరుకున్నట్టే గోక్కున్నాడు. బంగారురాజు లోపల్లోపల ఒక్క క్షణం సంతోషించాడు, దాచడమెందుకు, సంతోషించాడు. ఆ సంతోషం ఆ ఒక్క క్షణమే నిలిచింది.

మోహనకృష్ణ పెన్‌డ్రైవ్ తీసి, ఊది, షాపులో పాటలెక్కించే పాత కంప్యూటర్‌కి గుచ్చాడు. అది తెరుచుకోలేదు. మళ్ళీ గుచ్చాడు. ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది కంప్యూటర్. ఆ మాట చదివి అతని మొహం పాలిపోయింది.

“బావా,” అంది యమున. “నా బొమ్మలు అందులోనే కదా పెట్టినావు.”

బంగారురాజు చేతిలో బ్లేడు ఆగిపోయింది.

“ఏ బొమ్మలు?” అన్నాడు.

“నా బొమ్మలు మావా. అన్నీ. లాప్‌టాప్‌లోవి సెరిపేస్తామని అందులోకి తీసినాం. నువ్వు కూల్‌డ్రింక్‌కి ఎల్లినప్పుడు.”

పెళ్ళైన ఏడాది నుంచి గీసినవి. పోలమాంబ, పైడితల్లి, నెమళ్ళు, గుర్రాలు, లారీకో రకంగా అక్షరాలు. అమ్మవారి కళ్ళు కుదరలేదని ఒకే కళ్ళ జతని వారం పాటు చెరిపి గీసిన యమున అతనికి కనబడింది. తనకి పెన్‌డ్రైవ్ అంటే పాటలు. లైనక్స్ ఎక్కించేదాంట్లో భార్య చేతిపనంతా ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

మహాలక్ష్మమ్మ కూడా వచ్చి నిలబడింది. ఎవరూ ఏడవడం లేదు గానీ ఇల్లు శవం లేచినట్టుంది.

“ఎవరి దిష్టో తగిలినాది,” అంది ఆవిడ. “ఒరే రాజూ, నువ్వేటైనా ముట్టుకున్నావేటి?”

తప్పు ఒప్పుకోవడానికి దేవుడు అంత సులువైన దారి చూపిస్తే ఎవరికైనా చాలు. అవునమ్మా అంటే సరిపోయేది. మోహనకృష్ణ తిడితే తిట్టేవాడు, యమున ఏడిస్తే ఏడ్చేది.

“నాను రేడియం ఒలుస్తన్నాను. నాకేటి తెలుసు?” అన్నాడు బంగారురాజు.

యమున అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బావ వైపు తిరిగింది.

“తప్పు నాదే యమునా,” అన్నాడు మోహనకృష్ణ. “ఈ లాప్‌టాప్‌కి ఆ సందు ఒదులుగా ఉన్నాది. పెన్‌డ్రైవ్ కదిలి ఊడి మళ్ళీ తగులుకున్నట్టున్నాది. అసలు తప్పు అది కాదు. రెండూ ఒకే దాంట్లో పెట్టడం నాను సేసిన ఎదవ పని. పిల్లలకి పాఠం సెప్తాను, ఇంకో కాపీ లేకుండా ఏటీ సెరపొద్దని. నీ దగ్గరికొచ్చేసరికి నాకే బుర్ర లేకపోనాది.”

అతను కళ్ళెత్తలేకపోయాడు. బంగారురాజు కోరుకున్నది ఇదే. అయినా ఇప్పుడు అసూయ తగ్గలేదు, ఇంకా పెరిగింది. తను చేసిన తప్పుని తన ముందే ఆ మనిషి నెత్తిన వేసుకుంటున్నాడు, అది కూడా ఇంత మర్యాదగా. చివరికి తప్పు మొయ్యడంలో కూడా అతనే పెద్దవాడయ్యాడు. బంగారురాజుకి తల కొట్టేసినట్టయింది.

“ఇంక రావా బావా?” యమున అడిగింది.

“పూర్తిగా పోలేదు. సెరిగినవి ఎతికి తీసే సాఫ్ట్‌వేర్ మా సెంటర్లో ఉన్నాది. ఎన్నొస్తాయో సెప్పలేను. ఒచ్చినా పేర్లుండవు. ముక్కలు ముక్కలుగా ఏలకి ఏలు పడతాయి. ఏది పోలమాంబ కన్నో, ఏది నెమలి ఈకో నాకెలా తెలుస్తాది? గీసినోళ్ళు పక్కన కూసుని ఏరాలి. ఒకటి రెండ్రోజులు పడతాది.”

“నానొస్తాను,” అంది యమున వెంటనే. “అత్తింట్లో ఉంటాను.”

అత్తంటే సుభద్రమ్మ. మోహనకృష్ణ తల్లి, ఇప్పుడు ఎచ్చెర్లలో కొడుకు దగ్గరే ఉంటోంది. యమునని కోడలు చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ చూసుకున్న మనిషి.

“నాను ఎల్తాను,” అన్నాడు గబుక్కున. “అన్నీ నాను కోసినవే కదా. నాను కూసుంటాను అన్నయ్య పక్కన.”

మోహనకృష్ణ కాదనలేదు. తన ఫోన్ తీశాడు. కిందటి నెల యమున పంపిన బొమ్మ ఒకటి, మెషిన్ కోయడానికి పనికిరాని చిన్న ఫొటో, అందులో ఉంది. దాన్ని వేళ్ళతో లాగి పెద్దది చేసి, రెండు గీతల వంపు మాత్రం కనబడేలా చూపించాడు.

“ఇది ఏ బొమ్మలోదో సెప్పు తమ్ముడూ.”

బంగారురాజు చూశాడు. నెమలి మెడ అనుకున్నాడు, కాదేమో గుర్రం జూలు అనుకున్నాడు. ఆ గీత మీద ఎన్నిసార్లు బ్లేడు నడిపించాడో లెక్కలేదు. ఏమిటో మాత్రం చెప్పలేకపోయాడు.

“అమ్మోరి కనుబొమ్మ,” అంది యమున. “మావ కోస్తాడు. సూడడు.”

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. మహాలక్ష్మమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

“ఎల్లిరా అమ్మా. మేనత్తిల్లే కదా. జగన్నాధం బాబు లారీ పూజకి బొమ్మ లేకపోతే మన మాట పోతాది. ఈడు షాపు సూసుకుంటాడు.”

అందరూ బంగారురాజు వైపు చూశారు. ఆమెని ఆపాలంటే ఒకటే దారి. పెన్‌డ్రైవ్ నేనే పీకానని చెప్పాలి. ఎందుకు పీకావంటే అదీ చెప్పాలి. మీ ఇద్దర్నీ చూసి కుళ్ళుకుని పీకానని, తల్లి ముందు, ఆ మనిషి ముందు చెప్పాలి.

“ఎల్లిరా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే బయల్దేరారు. చేపలకూర ఎవరూ ముట్టలేదు. బంగారురాజే స్కూటర్ మీద యమునని బస్టాండుకి దించాడు, మోహనకృష్ణ ఆటోలో వచ్చాడు. విజయనగరం బస్సు సిద్ధంగా ఉంది. మోహనకృష్ణ లాప్‌టాప్ సంచీ సీట్లో పెట్టి, నీళ్ళ సీసా కోసం కొట్టుకి వెళ్ళాడు. యమున కిటికీ పక్కన కూర్చుంది. బంగారురాజు కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, ఫోన్ చెయ్యి అన్నాడు. తిను అన్నాడు. ఎప్పుడొస్తావు అన్నాడు.

డ్రైవర్ ఎక్కి ఇంజన్ వేశాడు. మోహనకృష్ణ సీసా పట్టుకుని పరిగెత్తి వెనక తలుపులోంచి ఎక్కుతున్నాడు. అప్పుడు యమున కిటికీ దగ్గరికి వంగింది.

“నువ్వు పీకినప్పుడు నాను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను మావా.”

బంగారురాజు చెయ్యి ఊచ మీదే ఉండిపోయింది.

“పీకినావు, సరే. బావ తప్పు తనదని తల దించుకుంటే, అప్పుడైనా నీ నోటెంట ఒక్క మాట వస్తాదేమోనని సూసినాను. రాలేదు.”

బస్సు కదిలింది. అతను పక్కనే నాలుగడుగులు నడిచాడు.

“ఎప్పుడొస్తావని అడిగినావు కదా,” అంది యమున. “నన్నెందుకు పంపించినావో ముందు నువ్వు సెప్పు. అప్పుడు ఆలోసిస్తాను, రావాలో ఒద్దో.”